పారాబెల్లం మనిషి పేరు కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

గత వారం మీ పోటీ పరీక్షల పేజీలో, 9 ఎంఎం పారాబెల్లం తూటాకు దాన్ని కనిపెట్టిన జర్మన్ ఇంజినీరు పేరే పెట్టారని అచ్చయింది. అది తప్పు. పారాబెల్లం అనే ఇంజినీరు ఎవరూ లేరు.

గ్రూప్స్‌కు చదువుతున్న మా మనవరాలు ఆ వాక్యాన్ని నోటుపుస్తకంలోకి ఎక్కించి, కింద ఎర్ర సిరాతో గీత గీసుకుంది. గుర్తుండడానికి పక్కన ‘బెల్లం’ అని రాసుకుంది. అది చూశాక ఊరుకోలేకపోయాను.

ఆ తూటానూ, అదే పేరుతో వచ్చిన పిస్టల్‌నూ రూపొందించింది గెయోర్గ్ లూగర్. ఆయన 1849లో ఆస్ట్రియాలోని టైరోల్‌లో పుట్టాడు. హ్యూగో బోర్‌హార్ట్ 1893లో తెచ్చిన పిస్టల్ చేతిలో సరిగా ఇమిడేది కాదు. దాన్ని లూగర్ తీర్చిదిద్దాడు. 1900లో స్విట్జర్లాండ్, 1904లో జర్మన్ నౌకాదళం, 1908లో జర్మన్ సైన్యం ఆ పిస్టల్‌ను తీసుకున్నాయి. అమెరికాలో లూగర్ పేరే స్థిరపడింది. దాన్ని తయారు చేసిన బెర్లిన్ ఆయుధాల కంపెనీ మాత్రం తన నినాదంలోంచి ఒక ముక్క తీసి పేరుగా పెట్టుకుంది.

‘సీ విస్ పాకెం, పారా బెల్లుం’ అనేది ఆ లాటిన్ నినాదం. ‘సీ విస్ పాకెం’ అంటే శాంతి కావాలంటే. ‘పారా’ అంటే సిద్ధం చెయ్యి, ‘బెల్లుం’ అంటే యుద్ధాన్ని. శాంతి కావాలంటే యుద్ధానికి సిద్ధపడు అని భావం. సుమారు 1600 ఏళ్ల కిందట రోమన్ రచయిత వెజీషియస్ తన చక్రవర్తి కోసం రాసిన యుద్ధశాస్త్ర గ్రంథంలోని వాక్యమే కాలక్రమంలో ఇలా కుదించుకుపోయింది. కంపెనీ దాన్ని మరింత కత్తిరించింది. శాంతి అన్న సగం పోయి, యుద్ధం అన్న సగం సరుకు మీద మిగిలింది. పాతికేళ్లు చరిత్ర పాఠాలు చెప్పిన నాకు ఈ కత్తిరింపే అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది. పిల్లలకు చెప్పవలసిన సంగతి ఇదీ.

పాత మ్యూజియం వస్తువు గురించి ఇంత పట్టింపు ఎందుకని అనుకోవద్దు. మన పోలీసుల 9 ఎంఎం పిస్టళ్లలో నేటికీ వాడేది ఆ తూటానే. ‘9 ఎంఎం పిస్టల్ స్వాధీనం’ అని మీరే తరచూ రాస్తున్నారు.

దయచేసి అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో సవరణ వేయండి. వేసేటప్పుడు ఆ నినాదం రెండు సగాలూ వేయండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఏలూరు