స్టీరింగ్ కాలమ్‌పై సుత్తి దెబ్బలు వద్దు

సంపాదకులకు నమస్కారం.

1962 నుంచి 1980 వరకు ఇంగ్లండులోని అబింగ్డన్‌లో తయారైన ఎంజీబీ స్పోర్ట్స్ కార్లలో స్టీరింగ్‌కు ప్లే (కొద్దిగా తిప్పినా చక్రాలు కదలని వదులు) రాగానే చాలామంది ర్యాక్‌నే (స్టీరింగ్ కదలికను ముందు చక్రాలకు అందించే పళ్ల కడ్డీనే) మార్చేస్తున్నారు. ముందుగా చూడవలసింది కాలమ్ (స్టీరింగ్ వీల్ నుంచి కిందికి దిగే షాఫ్టు, దాని గొట్టం) అడుగున ఉన్న యూనివర్సల్ జాయింటును, అంటే రెండు షాఫ్టులను కోణంలో కలిపే కీలును. ఒకరు స్టీరింగ్‌ను కొద్దిగా అటూ ఇటూ కదుపుతుండగా మరొకరు జాయింటుపై వేలు ఉంచితే అరుగుదల వేలికే తెలుస్తుంది. కొత్త జాయింటు వేసినా, కాలమ్, పినియన్ (ర్యాక్‌ను కదిపే పళ్ల చక్రం) షాఫ్టుల మధ్యరేఖలు సరిగ్గా దాని కేంద్రంలో కలిసేలా ర్యాక్ బిగింపుల దగ్గర షిమ్‌లతో (సందు సరిచేసే పలుచని బిళ్లలతో) సరిచూడకపోతే, అదీ త్వరగానే పాడవుతుంది.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది సుత్తి. 1960ల చివరి నుంచి అమెరికాకు పంపిన ఈ కార్లలో, ప్రమాదం జరిగితే కుదించుకుపోయే కాలమ్ ఉంటుంది. ఊడిరాని స్టీరింగ్ వీల్ కోసం షాఫ్టును బాదితే లోపలి ప్లాస్టిక్ పిన్నులు తెగి, డ్రైవరు ఛాతీని కాపాడవలసిన ఏర్పాటే దెబ్బతింటుంది. దయచేసి వీల్‌ను లాగి ఊడదీసే పనిముట్టు అయిన పుల్లరే వాడండి.

ఇట్లు,
పాత కార్ల అభిమాని