తోడేళ్లు ఎందుకు చస్తున్నాయంటే

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

చిన్నీ,

గొర్రెలు-తోడేళ్ల మోడల్లో తోడేళ్లన్నీ చస్తున్నాయి, నా ప్రోగ్రాంలో తప్పుందా అని అడిగావు కదా. నువ్వు లాప్‌టాప్‌లో పెట్టి వెళ్లిన నెట్‌లోగో (జంతువుల్లాంటి వాటిని తెర మీద బతికించి చూసే సాఫ్ట్‌వేర్) మొత్తానికి తెరిచాను. మోడల్స్ లైబ్రరీ ఫైల్ మెనూలో ఉంటుందని నువ్వు బరంపురం నుంచి ఫోన్లో చెప్పేదాకా రెండు రోజులు వెతుకుతూనే ఉన్నా. అందులో ఆ మోడల్ తెరిచి సెటప్ నొక్కితే 100 గొర్రెలు, 50 తోడేళ్లు తెరంతా పరుచుకున్నాయి. గో నొక్కాను. నీకులాగే నాకూ తోడేళ్లన్నీ చచ్చాయి. ఆ తర్వాత గొర్రెలు పెరిగి పెరిగి, ఇక భూమంతా గొర్రెలదే అని ఒక మెసేజ్ వచ్చి ఆగిపోయింది. మీ అమ్మకి ఒకటే నవ్వు.

నీ ప్రోగ్రాంలో తప్పేం లేదమ్మా. నువ్వు గడ్డి లేని రకం పెట్టుకున్నావు. అందులో గొర్రెకు ఆకలే ఉండదు, దాన్ని ఆపేది తోడేలు ఒక్కటే. తోడేళ్లు మరీ పెరిగి గొర్రెల్ని తినేస్తే, తర్వాత తిండి లేక అవే చస్తాయి. గడ్డి ఉన్న రకం పెట్టి చూడు. మేసిన చోట మళ్లీ మొలవడానికి 30 టిక్కులు (ప్రోగ్రాం వేసే అడుగులు) పడుతుంది కాబట్టి, గొర్రెలు మరీ పెరిగితే వాటికే మేత చాలదు. అప్పుడు గ్రాఫ్‌లో గొర్రెల గీత లేచిన కాసేపటికి తోడేళ్ల గీత లేస్తుంది, అలా సాగుతూ ఉంటుంది. అంకెలు మార్చే స్లైడర్లు ఒకసారికి ఒక్కటే జరుపు. ప్రతి సెట్టింగూ పదిసార్లైనా నడుపు, ఏ రెండుసార్లూ ఒకేలా రావు.

అన్నట్టు, అందులో పిల్లను కన్న జంతువు తన శక్తిలో సగం దానికి ఇచ్చేస్తుంది. నీ హాస్టల్ ఫీజు కట్టిన వారం నా పరిస్థితీ అంతే.

నిన్న నువ్వు చెప్పిన లైను కమాండ్ సెంటర్లో (ఆదేశాలు టైపు చేసే చోట) కొట్టి గొర్రెల్నీ తోడేళ్లనీ సగం సగం చంపేశాను. ముందు కోలుకున్నవి గొర్రెలే. ఇదే లెక్కను 1926లో ఇటలీలో వోల్టెరా అనే గణిత శాస్త్రవేత్త చేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడ్రియాటిక్ సముద్రంలో చేపలు పట్టడం తగ్గితే వలలో సొరచేపల వాటా ఎందుకు పెరిగిందని ఆయన అల్లుడు డాంకోనా అడిగాడట. చేపలు పట్టడం వేటాడే చేపల్నీ వాటికి ఆహారమయ్యే చేపల్నీ రెండింటినీ చంపుతుంది, కానీ ఎక్కువ దెబ్బ తినేది వేటాడే చేపే.

అది చదివాక మన ఏటి గట్టు మడి గుర్తొచ్చింది. పురుగుమందుల కొట్టాయన మాట విని వరిలో సుడిదోమకి మందు కొట్టాం కదా, నువ్వప్పుడు ఆరో క్లాసు. వారం రోజులు దుబ్బు మొదట్లో ఒక్క దోమ లేదు. మూడు వారాలకి చేను సుడులు సుడులుగా ఎండిపోయింది. మందు నాసిరకమని ఆయనతో గొడవ పడ్డాను. నిజానికి దోమ గుడ్లు ఆకు తొడుగు లోపల ఉంటాయి, వాటికి మందు తగల్లేదు. దోమల్ని తినే సాలీళ్లు మాత్రం పోయాయి.

సంక్రాంతికి వచ్చినప్పుడు దోమ, సాలీడు పెట్టి ఒకటి రాద్దాం. మందు కొడితే గుడ్లు చావకుండా రాయాలి, అది మర్చిపోకు.

నాన్న