పెరిగాక సరిపోతుందిలే అని కొనే ట్రయల్స్ బండి

సంపాదకులకు,

నమస్కారం. పిల్లలకు మొదటి ట్రయల్స్ మోటార్‌సైకిల్‌ను ఎంచుకోవడం గురించి మీ క్రీడా పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. పత్రికల్లో ఈ ఆట ఊసు రావడమే అరుదు కనుక ముందుగా మీకు కృతజ్ఞతలు. అయితే పిల్లలు త్వరగా ఎదుగుతారు కాబట్టి కాస్త పెద్ద బండి తీసుకుంటేనే డబ్బు కలిసొస్తుందని అందులో ఇచ్చిన సలహాతో నేను ఏకీభవించలేను. సరిగ్గా ఆ లెక్కే వేసుకుని మా అమ్మాయికి బండి కొని, తర్వాత జరిగింది కళ్ళారా చూసినవాణ్ణి కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ట్రయల్స్ అనే ఈ మోటార్‌సైకిల్ ఆటలో ముందు చేరుకున్నవారు గెలవరు. రాళ్ళు, బురద, చెట్ల వేళ్ళు, నిట్టనిలువు గట్లు ఉన్న కొద్దిపాటి దారికి హద్దులు పెట్టి, దాన్ని సెక్షన్ అంటారు. ఆ సెక్షన్‌ను కాలు నేలకు ఆనించకుండా దాటాలి. ఒకసారి ఆనిస్తే ఒక పాయింటు, రెండుసార్లకు రెండు, ఆపైన ఎన్నిసార్లు ఆనించినా మూడు, పడిపోయినా హద్దు దాటినా ఐదు. తక్కువ పాయింట్లు ఉన్నవారిదే గెలుపు. నడక వేగంతో, ఫుట్‌రెస్టుల మీద నిలబడి, క్లచ్ లీవర్‌ను ఒక్క వేలితో కొద్దికొద్దిగా వదులుతూ పట్టుకుంటూ బండిని ఒంటితో నడిపే ఆట ఇది. వేరే ఆటల్లో బండి కొంచెం పెద్దదైతే వేగం అందుకున్నాక అది తెలియకపోవచ్చు గానీ, ఇక్కడ ఆ వేగమే ఉండదు కాబట్టి బండి బరువూ ఎత్తూ ప్రతి క్షణం పిల్లల చేతుల మీదా కాళ్ళ మీదా పడతాయి.

మా అమ్మాయికి అప్పుడు పన్నెండేళ్ళు, బరువు 34 కిలోలు. బండి అమ్మినాయన "125 సీసీయే కదండీ, పిల్లల బండే, నాలుగేళ్ళదాకా వేరే బండి చూసుకోనక్కరలేదు" అన్నారు, నేను నమ్మాను. చాలా కంపెనీల బళ్ళలో 125కి వాడే ఫ్రేము, చక్రాలు, హ్యాండిల్‌బార్ తమ 250, 300 బళ్ళకు వాడేవేనని నాకు అప్పటికి తెలియదు. ఇంజిన్ శక్తి తగ్గుతుంది తప్ప బండి కొలతలు తగ్గవు. పెద్దవాళ్ళ ట్రయల్స్ బండి సాధారణంగా 65 నుంచి 75 కిలోల మధ్య తూగుతుంది, అంటే మా పిల్ల బరువుకు రెండింతలు.

మూడో వారంలో అనుకుంటాను, నరికేసిన ఒక చెట్టు మోడు చుట్టూ ఎడమకు తిప్పే మలుపు సాధన చేయిస్తున్నాను. ట్రయల్స్ బండి హ్యాండిల్ మామూలు బళ్ళ కంటే చాలా ఎక్కువగా తిరుగుతుంది. దాన్ని ఎడమకు పూర్తిగా తిప్పేసరికి కుడి పిడి ముందుకు వెళ్ళిపోయింది. అమ్మాయి చెయ్యి బారుగా చాచినా వేళ్ళ కొసలే అందాయి. జారిపోకుండా గట్టిగా పట్టుకోబోయి, తెలియకుండానే యాక్సిలరేటర్ తిప్పేసింది. ఆ చేతికి బ్రేకు లీవర్ అందదు. బండి ఒక్క ఉదుటున గట్టుకు ఎక్కి, వెనక్కి తిరగబడి ఆమె కాలి మీద పడింది. మణికట్టుకు కట్టిన తాడు లాగడంతో స్విచ్ ఊడి ఇంజిన్ ఆగింది కాబట్టి సరిపోయింది. మడమ పైన నల్లగా కమిలిన చోటు పది రోజులకు మానింది. కానీ ఆమె ఆ బండి దగ్గరకు మళ్ళీ వెళ్ళడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ ఆమెకు ధైర్యం లేదని నేను అనుకున్నందుకు ఈనాటికీ బాధపడతాను. లోపం ఆమెలో లేదు, ఆ పిడి ఆమెకు అందలేదు, అంతే.

అందుకని బండి కొనేముందు పిల్లల్ని దాని మీద నిలబెట్టి చూడండి అని తల్లిదండ్రులను కోరుతున్నాను. కూర్చోబెట్టి చూడటం వల్ల తెలిసేది ఏమీ లేదు, ట్రయల్స్ బండికి సీటు పేరుకే ఉంటుంది. ఫుట్‌రెస్టుల మీద మోకాళ్ళు కాస్త వంచి నిలబడినప్పుడు చేతులు బిగుసుకుపోకుండా ఉండాలి. హ్యాండిల్‌ను అటూ ఇటూ పూర్తిగా తిప్పినప్పుడు మలుపుకు బయటి వైపున్న చెయ్యి పిడిని నిండుగా పట్టుకోగలగాలి, చూపుడువేలికి లీవర్ అందాలి. కిక్ కొట్టి బండిని తానే స్టార్ట్ చేయగలగాలి, నేల మీద పడుకోబెట్టిన బండిని తానే లేపగలగాలి. ఈ చివరి రెండింటినీ చాలామంది పట్టించుకోరు. సాధనలో గంటకు ఇరవైసార్లు పడే పిల్ల, ప్రతిసారీ నాన్న వచ్చి లేపేదాకా ఎదురుచూడాల్సి వస్తే ఆ ఆట మీద మనసు ఎలా నిలుస్తుంది?

మరీ చిన్న పిల్లలకు ఎలక్ట్రిక్ బళ్ళు మంచివని మీ వ్యాసం చెప్పింది, అది నిజమే. ఓసెట్ అనే పేరుతో వచ్చిన ఎలక్ట్రిక్ బళ్ళ పేర్లలోని 12.5, 16, 20, 24 అన్న అంకెలు చక్రాల సైజును అంగుళాల్లో చెబుతాయి కాబట్టి ఎంపిక తేలిక. శక్తిని, వేగాన్ని తగ్గించి పెట్టుకునే మీటలు ఉంటాయి, పిల్ల కుదురుకున్న కొద్దీ పెంచుకుంటూ పోవచ్చు. చప్పుడు లేకపోవడం వల్ల పక్కన నడుస్తూ చెప్పే మాట పిల్లలకు వినబడుతుంది. నేర్పించేవారికి దీని విలువ ఎంతో నేర్పించినవారికే తెలుసు. అయితే ఈ చిన్న బళ్ళకు క్లచ్ ఉండదు. ఈ ఆటలో సగం నైపుణ్యం క్లచ్ పట్టే వేలిలోనే ఉంది కనుక, చేతికి బలం రాగానే క్లచ్, గేర్లు ఉన్న బండికి మారడం మంచిదని నా అభిప్రాయం. ఈ మధ్య దశకే 80 సీసీ బళ్ళు ఉన్నాయి. బీటా కంపెనీ బండి ఎవో 80 చిన్న చక్రాలతో ఒకటి, పెద్ద చక్రాలతో ఒకటి, రెండు రకాలుగా వస్తుంది. 125ని ఆ తర్వాత చూసుకోవచ్చు.

మేము చివరికి తీసుకున్నది చిన్న చక్రాల 80 సీసీ సెకండ్ హ్యాండ్ బండి. పాత బండి అంటే భయపడనక్కరలేదు. ట్రయల్స్ బండికి గీతలు, సొట్టలు సహజం. ఇంజిన్ కింది రక్షణ పలకకు సొట్టలుంటే పరవాలేదు గానీ, ఫుట్‌రెస్టులు బిగించిన చోట ఫ్రేములో పగుళ్ళు ఉంటే మాత్రం ఆ బండి వద్దు. వెనుక చక్రాన్ని పైకెత్తి అటూ ఇటూ కదిపి చూస్తే బేరింగుల సంగతి తెలుస్తుంది. మొదటి గేరులో క్లచ్ పూర్తిగా పట్టినా బండి ముందుకు పాకుతుంటే మెకానిక్‌కు చూపించకుండా బేరం కుదుర్చుకోవద్దు. కొన్నాక లీవర్లను మరను తిప్పి పిల్లల వేళ్ళకు దగ్గరగా తెచ్చి పెట్టాలి. పెద్దవాళ్ళ బరువుకు బిగించిన సస్పెన్షన్‌ను కూడా సడలించాలి. చైను పళ్ళచక్రానికి, వెనుక బ్రేకు డిస్కుకు వేళ్ళు దూరకుండా కాపలా రేకులు ఉన్నాయో లేదో చూడాలి.

ట్రయల్స్‌లో 2007 నుంచి 2024 దాకా ఏ ఒక్క ఏడూ వదలకుండా ప్రపంచ విజేతగా నిలిచిన టోనీ బౌ కూడా చిన్నతనంలో సైకిల్ ట్రయల్స్ తొక్కి వచ్చినవాడే. తన బలంతో ఆపగలిగిన, ఎత్తగలిగిన, తిప్పగలిగిన దానిపైనే బ్యాలెన్స్ అబ్బుతుంది. మా అమ్మాయి 80 సీసీ బండితో మొదటి సాయంత్రం చేసిందల్లా రెండు రాళ్ళు పెట్టుకుని వాటి చుట్టూ ఎనిమిది అంకె వేస్తూ తిరగడమే. ఎడమ మలుపులో కుడిచేతి వేళ్ళన్నీ పిడిని చుట్టుకుని ఉన్నాయి. నేను పిలిచేదాకా ఆపలేదు. ఏడాదిన్నర తిరిగేసరికి ఆ బండి ఆమెకు చిన్నదైంది. కొన్న ధరకు కాస్త తక్కువగా ఇంకో పిల్లవాడి ఇంటికి వెళ్ళింది. పెద్ద బండి కొని మిగుల్చుకోవాలనుకున్న డబ్బు ఇంతకంటే ఎక్కువేమీ కాదు.

మీకు ఒక విన్నపం. ఆ వ్యాసం పక్కన వేసిన పట్టికలో ప్రతి బండికీ సీసీ, ధర మాత్రమే ఇచ్చారు. తర్వాతి సంచికలో దాన్ని మళ్ళీ వేయదలిస్తే చక్రాల సైజు, బరువు కూడా చేర్చి, ఏ 125కి పెద్దవాళ్ళ బండి ఫ్రేమే వాడారో దాని ఎదుట గుర్తు పెట్టగలరు. అది చూసిన తల్లిదండ్రులు అమ్మేవారిని అడగవలసిన మొదటి ప్రశ్న మారుతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు