మా వేపచెట్టు కింద కత్తి పట్టిన పెద్దాయనకు కృతజ్ఞతలు

నిన్న రాత్రి చివరి బంధువులను బస్సెక్కించి వచ్చాను. చేతులకు వెల్లుల్లి వాసన ఇంకా వదలలేదు, నడుము పట్టేసింది, అయినా ఈ నాలుగు మాటలు రాయకుండా పడుకోవడానికి మనసొప్పలేదు.

మాది రాజాం దగ్గర పల్లెటూరు. చాలా ఏళ్లకు గ్రామదేవత పండగ వచ్చింది. మొక్కిన రెండు యాటలనూ ఉదయం ఏడు గంటలకే అమ్మవారి ముందు కొట్టించి ఇంటికి తెచ్చాం. తోలు తీసి కోసిపెడతానని బయానా తీసుకున్న మనిషి మాత్రం రాలేదు. ఈ పని ఎప్పుడూ మా నాన్నగారు చేసేవారు. ఆయన పోయి రెండేళ్లయింది. మే నెల ఎండలో, పేగులు కడుపులోనే ఉన్న మాంసం ఎంతసేపు నిలుస్తుంది? ఆయన కత్తి పట్టుకుని నేనూ తమ్ముడూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉండిపోయాం.

"ఏటి బాబూ, అలా నిలబడిపోనారు?" అంటూ వీధిలో పోతున్న ఒక పెద్దాయన లోపలికి వచ్చారు. డెబ్బై దాటి ఉంటాయి. కూతురి అత్తవారింటికి పండగకు వచ్చానన్నారు. చొక్కా విప్పి కొమ్మకు తగిలించి, యాటలను వెనక కాళ్లతో వేలాడదీయించి, కత్తిని గడప రాతిమీద నూరడం మొదలుపెట్టి, ఒక్క క్షణం ఆగి అంచును వేలితో తడిమారు. "ఇది ఎడం చేతివాటపు మడిసిది కదేటి?" అన్నారు. మా నాన్నగారిది ఎడమచేతివాటమే. అంతవరకు బిగబట్టుకున్న నేను పెరట్లోకి వెళ్లి కాసేపు నిలబడి రావలసి వచ్చింది.

ఆయన తోలును కోయలేదు, ఊడదీశారు. మోకాలి దగ్గర గాటు పెట్టి, పిడికిలిని తోలుకూ కండకూ మధ్య దూర్చి, పైబొచ్చు మాంసానికి తగలకుండా కిందికి లాగారు. కడుపు చీల్చేటప్పుడు కత్తిమొన పేగులకు గుచ్చుకోకుండా రెండు వేళ్లు అడ్డుపెట్టారు. కార్జానికి అంటుకున్న చేదుతిత్తిని, అది పగిలితే అంతా చేదవుతుందని, కాస్త కార్జంతో సహా కోసి పారేశారు. వాళ్ల తాతగారు, 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం రాకముందు, వేటాడిన దుప్పిని అడవిలోనే చీల్చి లోపలి వేడి వదిలించేవారట. ఇంటికి తెచ్చాక చూద్దామంటే కండ పాడవుతుందని అప్పుడే నేర్చుకున్నానన్నారు. రెండు యాటలూ కలిపి నలభై కిలోలు తూగితే ముప్పై కిలోల మాంసం వస్తుందని లెక్కవేసుకున్న మా తమ్ముడికి, పంతొమ్మిది కిలోలే తేలేసరికి నోట మాట రాలేదు.

కూలి ఇవ్వబోతే పుచ్చుకోలేదు, వాడుక ప్రకారం దక్కవలసిన తోలూ తలకాయా కూడా వద్దన్నారు, భోజనానికి ఉండమంటే కూతురు ఎదురుచూస్తుందని వెళ్లిపోయారు. పేరు అడగాలన్న ధ్యాస నాకు అప్పుడు లేకపోయింది. ఈ మాటలు ఎవరైనా ఆయనకు చదివి వినిపిస్తే, మీ ఋణం మా ఇంటి మీద ఉందని చెప్పండి.

అమ్మ, అక్క, బావగారు, పిన్ని పొయ్యి దగ్గర కష్టపడ్డారు, వారికి వేరే చెప్పాలా.

ఒక్క మాట మాత్రం అనకుండా ఉండలేను. పండగ తేదీ నెల ముందే దండోరా వేయించారు. అయినా ముందురోజు యాటలను చూపిద్దామని వెళితే పశువైద్య కేంద్రానికి తాళం. బజారులో అమ్మే మాంసానికి డాక్టరు ముద్ర ఉండాలంటారు, ఊరు ఊరంతా ఒకే పూట తినే మాంసాన్ని చూసే నాథుడు లేడు. సరిగ్గా పదకొండు గంటలకు కరెంటు పోయి మూడింటికి వచ్చింది; ఫోను ఎత్తినవారు లేరు. ఫ్రిజ్‌లో పెట్టిన కార్జం దేవుడి దయవల్ల నిలిచింది.

అయ్యో, టీకొట్టు తమ్ముడిని మరిచాను, తన ఐసుపెట్టె మొత్తం మా ఇంటికి మోసుకొచ్చాడు. టార్పాలిను ఇచ్చిన ఎదురింటి వదినగారికి కూడా కృతజ్ఞతలు, అది కడిగి రేపు ఉదయం తెచ్చిస్తాను. తలకాయలూ కాళ్లూ కాల్చిపెట్టిన కుర్రాళ్లిద్దరి పేర్లు తమ్ముడిని అడిగి రాస్తాను.