రంగం పిల్లను నాకు చూపించిన వాళ్ళందరికీ

నా నవల నిన్న ప్రెస్ నుంచి వచ్చింది. ఐదు వందల కాపీలు, నాలుగు అట్టపెట్టెలు, ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాను. పన్నెండు నుంచి పదహారేళ్ళ పిల్లలు చదువుకోవాలని రాసిన పుస్తకం ఇది. 1965లో బర్మా నుంచి ఓడలో వచ్చి, శ్రీకాకుళం జిల్లాలో తాతగారి ఊళ్ళో పెరిగిన ఒక అమ్మాయి కథ. అట్ట మీద నా పేరు ఒక్కటే ఉంది. అది న్యాయం కాదు, అందుకే ఈ పోస్ట్.

మన వైపు పెద్దవాళ్ళు బర్మాలోని రంగూన్‌ని రంగం అనేవారు. భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల నుంచి ఎన్నో కుటుంబాలు రంగం వెళ్ళాయి. బియ్యం మిల్లుల్లో, ఓడరేవులో కూలి పనులు చేశాయి. 1962లో అక్కడ సైన్యం అధికారంలోకి వచ్చింది. దుకాణాలు, వ్యాపారాలు ప్రభుత్వపరం అయ్యాయి. 1964 మే నెలలో 50, 100 క్యాట్ నోట్లు రద్దయ్యాయి. లక్షల మంది భారతీయులు ఉన్నదంతా వదిలేసి వచ్చేశారు. ఇదంతా పుస్తకాల్లో చదివి మొదటి ప్రతిలో పెట్టేశాను. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడ్డాక అడవుల వెంట నడిచి వచ్చినవాళ్ళ గురించే నలభై పేజీలు రాశాను. అన్నీ ఉన్నాయి, పిల్ల మాత్రం ఎక్కడా కనబడలేదు.

ఆ పిల్లను నాకు చూపించింది మా వీధి చివర మామ్మ. పేరు రాయొద్దంది, రాయడం లేదు. మామ్మకి ఇప్పుడు డెబ్బై మూడేళ్ళు. పదమూడో ఏట విశాఖ హార్బర్‌లో ఓడ దిగింది. నేను ఓడ గురించే అడుగుతూ ఉంటే, మూడో రోజు తనే అంది: "ఓడెక్కినప్పుడు నాకు ఏడుపు రానేదే గుంటా. బళ్ళో కూకున్నాక వచ్చింది."

ఇంట్లో తెలుగే మాట్లాడినా మామ్మ చదువుకున్నది బర్మీస్ అక్షరాలు. అందుకని ఇక్కడ పదమూడేళ్ళ పిల్లను రెండో తరగతిలో కూర్చోబెట్టారు. బర్మీస్‌లో 'వ' అక్షరం అచ్చం మన సున్నలా ఉంటుంది. పలక మీద 'కంచం' రాసి చదవమంటే మామ్మ 'కవచవ' అని చదివింది. తరగతంతా నవ్వింది. ఆ తర్వాత చాలా కాలం ఊళ్ళో పిల్లలు ఆమెను కవచవ అనే పిలిచారట. నేను ఎన్నేళ్ళు కూర్చున్నా ఈ మాట ఊహించి రాయగలిగేదాన్ని కాదు.

ఇంకొకటి కూడా ఇచ్చింది. 'తనకా' అనే చెట్టు చెక్కను రాతి మీద నీళ్ళతో అరగదీసి బుగ్గలకు రాసుకోవడం బర్మాలో ఆడపిల్లల అలవాటు. మొదటి రోజు బడికి అలాగే బయలుదేరితే, నాన్నమ్మ "ఏటే ఈ బూడిద?" అని చీర చెంగుతో తుడిచేసింది. మామ్మ మళ్ళీ రాసుకోలేదు గానీ ఆ చెక్కను పారేయలేదు. బొటనవేలంత ముక్క, ఇప్పటికీ బట్టల పెట్టె అడుగున ఉంది. నా చేతిలో పెట్టి వాసన చూడమంది. నాకు ఏ వాసనా రాలేదు. ఆమెకు వచ్చింది. ఆ రాత్రే మొదటి ప్రతి పక్కన పెట్టి, మళ్ళీ మొదటి వాక్యం నుంచి రాశాను.

మా పదో తరగతి ఆడపిల్లలకు కూడా చాలా రుణపడ్డాను. రెండో ప్రతి చదివి వాళ్ళడిగిన మొదటి ప్రశ్న: "ఈ అమ్మాయికి వాళ్ళ నాన్న మీద కోపం ఎందుకు రాదు టీచర్?" వీళ్ళలో చాలామంది నాన్నలు చేపల వేటకు గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి నెలల తరబడి అక్కడే ఉంటారు. 2018 నవంబరులో మన మత్స్యకారులు పాకిస్తాన్‌కి పట్టుబడి, 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలైనప్పుడు వీళ్ళు చిన్నపిల్లలు. అయినా ఇళ్ళల్లో ఆ రోజుల టెన్షన్ గుర్తుంది వాళ్ళకి. ఒకమ్మాయి నా కాగితం వెనక పెన్సిల్‌తో రాసింది: "నాన్న వచ్చిన మొదటి రెండ్రోజులు ఎవరో చుట్టాలు వచ్చినట్టు ఉంటుంది." ఆ అమ్మాయినీ వాళ్ళ అమ్మనీ అడిగి, ఆ వాక్యాన్ని ఒక్క అక్షరం మార్చకుండా నవలలో పెట్టుకున్నాను. కోపం కూడా పెట్టాను. అది లేకుండా ఆ వయసు ఎలా రాయాలనుకున్నానో ఇప్పుడు నాకే అర్థం కావడం లేదు.

కళింగపట్నంలో రిటైరైన లెక్కల మాస్టారు నా పెద్ద తప్పు దిద్దారు. ముత్తాత ఓడ కళింగపట్నం గట్టుకు ఆనుకుని ఆగిందని రాశాను. "ఇక్కడ ఓడలు ఒడ్డుకి ఎప్పుడు వచ్చాయమ్మా? లోపలే లంగరేసేవి" అన్నారు. తాళ్ళతో కుట్టిన మసూలా పడవల్లో అలలు దాటి వెళ్ళి ఓడ ఎక్కాలి. ఆయన దగ్గరుండి చెప్పబట్టి ఆ సన్నివేశం నిలబడింది.

ఒక ప్రచురణ సంస్థ "పిల్లలకు ఇంత బరువైన కథా?" అని తిప్పి పంపినప్పుడు, అచ్చు ఖర్చులో సగం భరించిన విజయనగరం స్నేహితురాళ్ళకు, ఏడు రోడ్ల కూడలి దగ్గర డీటీపీ చేసి, నేను ఎన్నిసార్లు మార్చినా విసుక్కోని తమ్ముడికి కృతజ్ఞతలు. శ్రీకాకుళంలో కథా రచయిత కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో కథల కోసమే కట్టిన కథానిలయంలో ఎన్నో మధ్యాహ్నాలు పాత పత్రికలు తిరగేశాను. మన జిల్లాల పెద్దవాళ్ళు వలస గురించి ఎంత రాశారో అక్కడే తెలిసింది. ఆ చోటుకు నమస్కారం.

నిన్న సాయంత్రం మొదటి కాపీ మామ్మకు ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, ఆ బడి అధ్యాయం వెతికి తీసి, వేలు పెట్టి "కంచం" అని పైకి చదివింది. తర్వాత పుస్తకం నాకే ఇచ్చి, "నీ సంతకం ఎట్టి ఇయ్యి" అంది. పెట్టి ఇచ్చాను. నా కాపీ మీద ఆమె సంతకం అడిగాను. తెలుగులో ఒకటి పెట్టి, కాసేపు ఆలోచించి, దాని కింద బర్మీస్‌లో ఇంకొకటి పెట్టింది.