తోమేసిన రాగి నాణేలకు మళ్లీ పాత రంగు: సాయం చేసిన అందరికీ కృతజ్ఞతలు

పులుపు వేసి తోమడంతో గులాబీ రంగుకు తిరిగిపోయిన పాత రాగి నాణేలను మళ్లీ చూడదగ్గట్టు చేయడం ఎలా అని అడిగితే ఇంతమంది ఓపిగ్గా, ఇంత వివరంగా చెప్పారు. నాణేలు ఇప్పుడు నిండైన గోధుమ రంగులో ఉన్నాయి. అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఇదే పని పెట్టుకున్నవారికి పనికొస్తాయని, ఆ సలహాలను ఒకచోట పెడుతున్నాను.

"రంగు సంగతి తర్వాత, ముందు అక్షరాల సందుల్లో లేత ఆకుపచ్చ పొడి ఉందేమో చూడండి" అన్నవారికి మొదటి దణ్ణం. గట్టిగా, నున్నగా అంటుకున్న చిలుముతో అంత భయం లేదు. పుల్లతో గీకితే పొడిలా రాలి, తేమ తగిలితే మళ్లీ పుట్టుకొచ్చేదే ప్రమాదం. లోపల దాగిన క్యూప్రస్ క్లోరైడ్ (రాగి, క్లోరిన్ కలిసిన లవణం) తేమతో, గాలితో కలిసి లోహాన్ని తినేస్తూ పోతుంది. దాని మీద ఏ రంగు తెచ్చినా నిలవదు. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 50 గ్రాముల సోడియం సెస్క్వికార్బొనేట్ (చాకలి సోడా, వంటసోడా కలిసిన రూపంలోని క్షార లవణం) కలిపి అందులో నానబెట్టాలి, వారానికోసారి ద్రావణం మార్చాలి. ఇది వారాల పని, ఒక్కోసారి నెలలు కూడా పడుతుంది. ఆ తర్వాత డిస్టిల్డ్ వాటర్ మార్చుతూ నానబెట్టి, పూర్తిగా ఆరనివ్వాలి.

జిడ్డు వదిలించడానికి అసిటోన్ చెప్పినవారు చిన్న విషయాలు కూడా వదల్లేదు. గోళ్ల రంగు తుడిచే ద్రవం పనికిరాదు, అందులో నూనెలు, రంగులు కలిపి ఉంటాయి. స్వచ్ఛమైన అసిటోనే కావాలి. గాజు గిన్నె వాడాలి, కిటికీలు తెరిచి ఉంచాలి, దరిదాపుల్లో మంట ఉండకూడదు. బయటికి తీశాక నాణేన్ని అంచు పట్టుకునే ఎత్తాలి. వేలిముద్ర పడినచోట రంగు సమంగా పట్టదు, ఆ ముద్ర అచ్చంగా తేలుతుంది.

అసలు రంగు తెచ్చింది గంధకం, వాజిలీన్. ఒక చెంచా వాజిలీన్‌లో పావు చెంచా మెత్తటి గంధకం పొడి పలుకులు లేకుండా నూరి, దూదితో నాణెమంతా పలచగా పట్టించాలి. కొంచెం వెచ్చగా ఉన్నచోట ఉంచితే పని త్వరగా సాగుతుంది. ఎంతసేపని గడియారం చూసి చెప్పలేం. ఆ నాణెంలోని లోహాల మిశ్రమాన్ని బట్టి, మునుపు తోమిన తీరును బట్టి మారుతుంది. అందుకే మధ్యమధ్యలో ఒక మూల తుడిచి చూడాలి. అనుకున్న రంగుకు కాస్త ముందే ఆపేసి, అసిటోన్‌తో కడిగి, చాలకపోతే మళ్లీ పట్టించాలి. ముదిరిపోయాక వెనక్కి తేవడం కష్టం.

అంతా ఒకే రంగులో ఉంటే చూడగానే కృత్రిమమని తెలిసిపోతుంది. చేతులు మారిన నాణెంలో బొమ్మ ఎత్తులు కాస్త లేతగా, సందులు ముదురుగా ఉంటాయి. ఆరాక పొడి నూలుగుడ్డను వేలికి చుట్టి ఎత్తుల మీద మాత్రమే తేలిగ్గా రుద్దమన్న సలహాతోనే నాణేలకు ప్రాణం వచ్చింది. పాత గీతలు మాత్రం పోవు. తోమడంలో పోయిన మెరుపూ తిరిగి రాదు.

గంధకం, వాజిలీన్‌కు బదులు లివర్ ఆఫ్ సల్ఫర్ (పొటాషియం, గంధకం కలిసిన రసాయనం) వాడేవారు దాన్ని నీళ్లలో పలచటి టీ రంగులో కలుపుకోమన్నారు. నాణేన్ని క్షణాలు ముంచి, వెంటనే నీళ్లలో కడగాలి. చిక్కగా, వేడిగా కలిపితే నల్లటి పొర మందంగా కట్టి పెచ్చులుగా ఊడుతుంది. ఆ ద్రావణంలో ఏ యాసిడూ పడకూడదు, విషవాయువు వస్తుంది. గుడ్డులోంచి వచ్చే గంధకపు ఆవిరితో రంగు తేవడానికి, మూసిన డబ్బాలో నాణెంతో పాటు ఉడికిన గుడ్డు పెట్టే పద్ధతి నాకు నచ్చలేదు: తేమ చుక్కలు కట్టి, అక్కడక్కడ మచ్చలు పడతాయి.

చివరగా పలుచగా మైక్రోక్రిస్టలైన్ మైనం (పెట్రోలియం నుంచి తీసే, సన్నటి స్ఫటికాలున్న మైనం) పూసి, గుడ్డతో మెరుగు పెట్టాలి. మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, వాటిలోంచి వచ్చే ఆమ్లం రాగిని మళ్లీ పచ్చబరుస్తుంది. మైలార్ (పాలిస్టర్ పొర) కవర్లు మేలు. అమ్మే రోజు వస్తే "తోమినది, రంగు తిరిగి తెచ్చినది" అని చీటీ మీద రాసి ఉంచమన్నవారి మాట ఇప్పటికే పాటించాను. ప్రతి కవరు మీదా ఆ చీటీ ఉంది.