మంచాలు కాదురా బావా, బెల్టులు లెక్కపెట్టు

జయపురం,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం అందింది. ఉత్తరమంటే నువ్వు ఫోన్లో పంపిన పదకొండు నిమిషాల వాయిస్ మెసేజేలే, మీ చెల్లి వంటింట్లోంచి వింటూ "అన్నయ్యకి ఇంకా అవలేదా" అని మూడుసార్లు అడిగింది. నాకు అలా ఫోనుతో ఒక్కణ్ణే మాట్లాడటం చేతకాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను. కొట్టు ఈరోజు మూసేశాను, తీరిగ్గా చదువుకో.

మీ అబ్బాయి అమెరికాలో డెన్వర్ నుంచి ఎల్లోస్టోన్ పార్కు దాకా మోటార్‌హోం, అదే ఇల్లులాంటి బండి, అద్దెకి తీసుకుంటున్నాడు, లోపల సోఫా, ఫ్రిజ్జు, గ్యాసు పొయ్యి, బాత్రూము అన్నీ ఉన్నాయి, చెల్లెమ్మ దారిలో ఉప్మా చేసిపెడుతుంది, నువ్వేమో డ్రైవరు నెత్తిమీదుండే మంచం ఎక్కి కిటికీలోంచి కొండలు చూసుకుంటూ పడుకుంటావు, మనవరాలు కింద బొమ్మలతో ఆడుకుంటుంది. వింటున్నంతసేపూ నాకూ ఎక్కి కూర్చోవాలనిపించింది. చివర్లో "ఆరుగురు పడుకోవచ్చంట్రా" అన్నావు చూడు, నేను అక్కడ ఆగిపోయాను. పడుకునే లెక్క చెప్పావు సరే, అందులో బెల్టు పెట్టుకుని కూర్చోవడానికి ఎంతమందికి వీలుంది? అబ్బాయిని అడిగావా?

నవ్వకు. శివరాత్రికి గుప్తేశ్వరం జీపు టాపు మీద కూర్చుని వెళ్ళినవాడు ఇప్పుడు బెల్టు గురించి చెప్తున్నాడేంట్రా అనుకుంటావని తెలుసు. విక్రమదేవ్ కాలేజీ రోజుల్లో మనం చేసిన వెధవ పనులన్నిటికీ ఈపాటికి ఫోటోకి దండ పడాల్సింది, ఏదో గడిచిపోయింది. కానీ పోయిన సంక్రాంతి తర్వాత సుంకి ఘాట్‌లో జరిగింది నీకు పూర్తిగా చెప్పలేదు. "చిన్న బ్రేకు, వదినకి చెయ్యి బెణికింది" అన్నానంతే. బెణకలేదు, మణికట్టు విరిగింది.

మా పెద్దదానికి సంబంధం కుదిరిందని మొక్కు తీర్చుకోవడానికి రామతీర్థం వెళ్ళి, అటునుంచి భీమిలి బీచిలో ఒక రోజు ఉందామని ప్లాన్. అమ్మకి 78 ఏళ్ళు, కూర్చుని అంత దూరం రాలేదు. అప్పుడు ఎవరో చెప్తే విశాఖపట్నం వైపు నుంచి ఒక బండి మాట్లాడాం. టెంపో ట్రావెలర్‌నే ఇల్లులా మార్చారు. డ్రైవరు వెనక ముందుకి తిరిగిన సీట్లు రెండు, ఆ తర్వాత ఒక పక్కంతా అడ్డంగా పొడుగు సోఫా, ఎదురుగా చిన్న వంటగట్టు, చివర్న మంచం. కర్టెన్లు, నీలం లైట్లు, గోడకి టీవీ. మా వదినయితే ఎక్కగానే చెప్పులు విప్పి గుమ్మం దగ్గర పెట్టింది! నాకు ఇప్పుడు ఆలోచిస్తే అనిపిస్తుంది, అసలు తేడా అక్కడే వచ్చింది. చెప్పులు విప్పిన మనిషి బెల్టు ఎందుకు పెట్టుకుంటుంది? ఇల్లులా కనపడేసరికి అందరం ఇంట్లో ఉన్నట్టే అయిపోయాం. బండి నడుస్తోందన్న సంగతి ఒక్క డ్రైవరుకే గుర్తుంది.

సెమిలిగుడ దాటాక మంచు, పొట్టంగి దగ్గర ఇంకా చిక్కగా ఉంది. ఘాట్ దిగడం మొదలుపెట్టేసరికి లోపల పరిస్థితి చెప్తాను. అమ్మ మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకుంది. వదిన సోఫా మీద, ఒళ్ళో మూడేళ్ళ మనవడు. మీ చెల్లి నిలబడి ఫ్లాస్కులోంచి గ్లాసుల్లోకి టీ పోస్తోంది. నేను వంటగట్టుకి చేరబడి అరటికాయ చిప్స్ తింటూ పెద్ద మేస్త్రీలాగా బండిలో పనితనం ఎలా ఉందో చెప్తున్నాను. పెద్దది సోఫా చివర ఫోను చూసుకుంటోంది. రెండోదానికి ఘాట్ రోడ్డంటే వాంతులు కదా, అందుకని డ్రైవరు వెనక సీట్లో, బెల్టు పెట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చుంది. "విమానంలో కూర్చున్నట్టు కూర్చుందిరా ఇది" అని నేనే ఏడిపించాను కూడా.

మలుపులో ఆవు. అంతే. గుద్దలేదు, లోయలో పడలేదు, ఉత్త బ్రేకు. నలభైకి మించి వేగం కూడా లేదు, డ్రైవరు మంచివాడే. వదిన సోఫా మీంచి పక్కకి జారి వంటగట్టు కాళ్ళ దగ్గర పడింది, చెయ్యి కింద పెట్టుకుంది, అదే విరిగింది. పిల్లాడు ఒళ్ళోంచి ఎప్పుడు జారాడో ఎవరూ చూడలేదు, టీవీ కింద బల్ల అంచు తగిలి నుదురు చీలింది. టీ మీ చెల్లి కాళ్ళ మీద. నేను ఎక్కడ పడ్డానో అడక్కు. అమ్మ దుప్పటితో సహా మంచం మీంచి నడవలోకి జారి వచ్చేసింది, దేవుడి దయ, తుంటి విరగలేదు. అన్నిటికంటే వెనక పెట్టిన ఆవకాయ జాడీ దొర్లుకుంటూ వెళ్ళి గేరు రాడ్డు దగ్గర ఆగింది. పగల్లేదు! రెండోది మాత్రం కూర్చున్నచోటే ఉంది, కళ్ళు తెరిచి "ఏటయింది నాన్నా" అంది.

సాలూరులో పిల్లాడికి నాలుగు కుట్లు, వదినకి పిండికట్టు. రామతీర్థం దర్శనం అయిందిగానీ భీమిలి ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఆ రాత్రి విజయనగరంలో ఆగినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. ముప్ఫై ఏళ్ళుగా సీట్లు కుడుతున్నవాణ్ణి, కింద ఏముందో చూడకపోతే మనసు ఊరుకోదు. టార్చి పట్టుకుని వెళ్ళి సోఫా దిండ్లు ఎత్తాను. కింద ప్లైవుడ్ పెట్టె. ఆ పెట్టెని నేలకి పట్టి ఉంచింది అంగుళంన్నర చెక్క స్క్రూలు, తలుపు బందులకి వాడతామే, అవి. సోఫాకి మూడు బెల్టులు ఉన్నాయి, దిండ్ల సందులో నొక్కేశారు కాబట్టి మాకు కనపడలేదు. వాటిని దేనికి బిగించారనుకున్నావు? అదే ప్లైవుడ్‌కి. కంపెనీ బండిలో బెల్టుకి 7/16 బోల్టు ఉంటుంది, గట్టి ఉక్కు, అది పోయి బాడీ రేకుకి వెనకాల అతికిన మందపాటి నట్టులో కూర్చుంటుంది. మనిషి బరువు ఒక్క క్షణం ఎన్నో రెట్లు అయినప్పుడు లాగేది ఆ బోల్టునే. ప్లైవుడ్‌కి బిగించిన బెల్టు పెట్టుకుంటే మనిషితో పాటు సోఫా కూడా లేచి వస్తుంది. ఓనరుకి ఫోన్ చేసి అడిగితే "వెనకాల ఎవరూ చెక్ చెయ్యరు సార్" అన్నాడు. వాడిని తిడదామని నోరు తెరిచి మూసుకున్నాను.

ఎందుకంటే, నీ దగ్గర దాపరికం దేనికి, నేను చేసిందీ అదే పని. రెక్సిన్ కవర్లు వేసేటప్పుడు వెనక సీటు బకిళ్ళు అడ్డం వస్తాయని లోపలికి తోసి పైన కవరు లాగేసేవాణ్ణి. నీటుగా ఉంటుంది, ముడత రాదు, కస్టమరుకీ అదే కావాలి. బెల్టు పెట్టుకోకపోయినా కీక్ కీక్ అనకుండా దూర్చే క్లిప్పు ఉంటుంది చూడు, అవి డబ్బాలో పోసి అమ్మాను. 2023లో కేంద్రం వాళ్ళు అయిదు ఆన్‌లైన్ కొట్లలోంచి ఆ క్లిప్పులు తీయించారు, మా కొట్లో మాత్రం సంక్రాంతి దాకా ఉన్నాయి. అంతకుముందు 2022 సెప్టెంబరు 4న పాల్‌ఘర్ దగ్గర సూర్యా నది వంతెన మీద టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ పోయాడు, గుర్తుందా, అంత ఖరీదైన కారు, ముందు కూర్చున్న ఇద్దరూ బతికారు, వెనక బెల్టు లేకుండా కూర్చున్న ఇద్దరూ పోయారు. ఆ తర్వాత మూడు వారాలు వరసగా జనం వచ్చారు, "వెనక బకిళ్ళు బయటికి తియ్యి" అని. కవర్లు కోసి తీశాను, డబ్బులూ తీసుకున్నాను. నాలుగో వారం నుంచి మళ్ళీ మామూలే. వెనక సీటుకీ బెల్టు పెట్టుకోవాలి, లేకపోతే 1000 రూపాయల జరిమానా అని చట్టం 2019 నుంచి ఉంది, పద్నాలుగేళ్ళలోపు పిల్లలకి కూడా వర్తిస్తుంది. ఇక్కడ ముందు సీటుకి అడిగితేనే గొప్ప.

మా రెండోది ప్లస్ టూ సైన్స్ కదా, తిరిగొచ్చాక కాగితం మీద లెక్కేసి చూపించింది. ఆవు బదులు ఎదురుగా లారీ ఉండి, 40 కిలోమీటర్ల వేగంలో గుద్ది ఉంటే, రెండంతస్తుల మేడ మీంచి కింద పడ్డట్టే. పిల్లాడు 14 కిలోలు. బండి అర మీటరులో ఆగిపోతే వాణ్ణి ఒళ్ళో పట్టుకోవడమంటే 175 కిలోల బస్తాని చేతుల్తో ఆపడం. వదిన ఆ మాట విని చాలాసేపు మాట్లాడలేదు, "నేను గట్టిగానే పట్టుకున్నానే" అని ఒక్కటే అంది. ఆమె తప్పు కాదురా. పట్టుకుంటే ఆగే బరువు కాదది. నీ వంతుకి కూడా లెక్క వేయించాను: అక్కడ హైవే మీద గంటకి 65 మైళ్ళు అన్నావు, అంటే మనకి 105 కిలోమీటర్లు, అది పద్నాలుగు అంతస్తులు. నువ్వు డ్రైవరు నెత్తిమీద మంచంలో అడ్డంగా పడుకుని ఉంటావు, అవునా?

కాబట్టి అబ్బాయిని కూర్చోబెట్టి అడుగు. అక్కడ పెద్దవాళ్ళ బెల్టు విషయంలో రాష్ట్రానికో రూలు ఉంటుంది, మోటార్‌హోం వెనక భాగానికి మరీ తికమక, అందుకని రూలు ఒప్పుకుందా లేదా అని చూడొద్దు. బండిలో ముందుకి తిరిగి, బెల్టు ఉన్న సీట్లు ఎన్ని, అదొక్కటే చూడు. మీరు అయిదుగురు, అయిదు ఉండాలి. పక్కకి తిరిగిన సోఫాకి బెల్టు ఉన్నా లెక్కలోకి తీసుకోకు, అది నడుముని పట్టుకుంటుంది, పైన ఒళ్ళంతా పక్కకి విసిరేస్తుంది, మెడ ఏమవ్వాలి? మనవరాలి సీటు కూడా ముందుకి తిరిగిన సీటు మీదే బిగించాలి, భోజనం బల్ల దగ్గర ఒకదానికొకటి ఎదురుగా ఉండేవాటిలో వెనక్కి తిరిగిన దానిమీద గానీ సోఫా మీద గానీ పెట్టకూడదు. నడుముకి మాత్రమే ఉండే బెల్టయితే పొట్ట మీద కాదు, కింద తుంటి ఎముకల మీదికి రావాలి, చెల్లెమ్మకి చెప్పు, చీర కుచ్చిళ్ళ కింద నుంచి. సీట్లు చాలకపోతే పెద్ద బండి తీసుకోండి, లేదా మీ ఇద్దరూ వెనకాల కార్లో రండి. డబ్బులు ఎక్కువవుతాయని వాడు గొణుగుతాడు, గొణగనీ. పిల్లలు గొణిగితే వినపడనట్టు ఉండే వయసు మనకి వచ్చింది.

బాత్రూము సంగతి నాకు అర్థమవుతోంది. చెల్లెమ్మకి సుగరు, గంటకోసారి లేవాలి, నువ్వు ఈ బండి ఒప్పుకున్నదే అందుకు, చెప్పకపోయినా తెలుసు. కానీ లేచి నడిచి వెళ్ళే ఆ పది అడుగులే ప్రమాదం, మీ చెల్లి పడింది నిలబడి ఉండబట్టే. మొహమాటపడకుండా ఆపమని చెప్పమను. బండి పక్కన పెట్టి వెళ్తే నిమిషాల పని. ఉప్మా కూడా బండి ఆగాకే, బయల్దేరే ముందు గ్యాసు వాల్వు కట్టెయ్యాలి. కుక్కరు, పెనం, నీళ్ళ బాటిళ్ళు అన్నీ అల్మారాలో పెట్టి గడియ వెయ్యాలి, ఫ్రిజ్జు తలుపుతో సహా. నీకు నిద్ర వస్తే కూర్చునే పడుకో, జయపురం నుంచి రాత్రి బస్సులో ఎన్నిసార్లు పడుకోలేదు, నా భుజం మీద చొంగ కార్చుకుంటూ.

నా సంగతి అడిగావు కాబట్టి, కొట్టు బాగానే ఉంది. క్లిప్పుల డబ్బా తీసేశాను. కవరు వేయించుకోడానికి వచ్చినవాళ్ళకి బకిళ్ళు బయటికి వచ్చేలా చీలిక కోసి, అంచు కుట్టి ఇస్తున్నాను, అరగంట ఎక్కువ పడుతుంది. ఒకాయన మొన్న "ఇది బాలేదు, ముడతొచ్చింది" అని వంద తగ్గించి ఇచ్చాడు. ఇవ్వనీ. వదిన కట్టు విప్పారు, గుప్పిట ఇంకా పూర్తిగా మూసుకోదు. పిల్లాడు నుదుటి మీద గీత చూపించి అందరికీ ఆవు కథ చెప్తున్నాడు, వాడి కథలో ఆవు ఏనుగంత ఉంటుంది.

అమ్మ నిన్ను అడిగానని చెప్పమంది. మీ చెల్లి ఈసారి ఆవకాయ రెండు కిలోలు ఎక్కువ పెట్టింది, ఎవరైనా అటు వస్తుంటే పంపిస్తాం. ఆ బండి బుక్ చేసేముందు నాకు ఫోటోలు పంపించు, కర్టెన్లవీ టీవీవీ వద్దు, దిండ్లు ఎత్తి కింద బోల్టు కనపడేలా తీసినవి పంపు. అద్దెకిచ్చేవాడు ఏమనుకుంటాడో అని సిగ్గుపడకు, ఇండియాలో మా బావ సీట్ల మేస్త్రీ, వాడికి కావాలట అని చెప్పు.

ఉంటానురా,
నీ బావ